ఐదేళ్ల ఆర్‌ఓ, లోపలున్న ఆ చిన్న స్క్రూ

మాది కనిగిరి. మా బోరు నీళ్లు చూడ్డానికి అద్దంలా ఉంటాయి. ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే మాత్రం లీటరుకు 3.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ తేలింది. 1 దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు సర్దుకోవచ్చు. మా ఆయన పళ్లకు చిన్నప్పటి నుంచీ గారే. ఫ్లోరైడ్ కాచినా పోదు, క్రిములను చంపే యూవీ ఫిల్టర్‌కూ లొంగదు. అందుకే పాప పుట్టిన ఏడాదే ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్ పెట్టించాం.

మొదటి రెండేళ్లు కనిపించిన వాళ్లందరికీ దాని గురించి గొప్పగా చెప్పాను. అంతకుముందు ఎంతసేపు పెట్టినా పలుకు వదలని కందిపప్పు మూడు విజిల్స్‌కే వెన్నలా ఉడికేది. అత్తయ్య ఆ సంబరం ఊరంతా చెప్పుకొచ్చారు.

మూడో ఏడు సర్వీసుకు వచ్చిన అబ్బాయి మెంబ్రేన్, అంటే లోపల నీళ్లను వడకట్టే పొర, మార్చాడు. నీళ్లు చప్పగా ఉన్నాయి, తాగినట్టే ఉండట్లేదని నేనే అన్నాను. అతను లోపల ఏదో తిప్పి, "ఇప్పుడు చూడండి మేడమ్" అని గ్లాసు అందించాడు. నిజంగానే రుచి వచ్చింది. సర్వీస్ బాగుందని పక్కింటి వాళ్లకూ చెప్పాను.

రెండు నెలలు తిరక్కుండానే అత్తయ్య, "ఏమ్మా, పప్పు మళ్లీ మొండికేస్తోంది" అన్నారు. ఐదు విజిల్స్ వచ్చినా పలుకు తగులుతోంది. పాత పప్పేమో అనుకుని కొత్తది తెచ్చాం, అదీ అంతే. పాపకు నీళ్లు కాచే స్టీలు గిన్నె అడుగున తెల్లటి పొర కనిపించిన రోజు నాకు టెన్షన్ మొదలైంది. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ కొని చూస్తే 410. కొత్తలో 60 ఉండేది. బోరు నీళ్లది 1400. అవే నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపితే ఫ్లోరైడ్ 1.2 వచ్చింది.

కంపెనీకి ఫోన్ చేస్తే మెంబ్రేన్ పోయుంటుందన్నారు. మెంబ్రేన్ పెట్టించి మూడు నెలలు కూడా కాలేదు! చివరికి బయటి మెకానిక్‌ను పిలిపించాం. ఆయన ముందు మూత తీసి, రెండు సన్నపైపులు కలిసే చోట బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ ముక్క చూపించాడు. దాని మీద చిన్న స్క్రూ. "టీడీఎస్ అడ్జస్టర్ అక్కా. మెంబ్రేన్‌తో పని లేకుండా పక్కదారిన కొంచెం బోరు నీళ్లు కలుపుతుంది, రుచి కోసం." ట్యాంకులోకి పడే పైపు కింద గ్లాసు పెట్టి, స్క్రూ కొంచెం కొంచెం బిగిస్తూ మళ్లీ మళ్లీ పట్టి చూశాం. 290. 150. 65. చప్పటి నీళ్లు తిరిగొచ్చాయి, నాకు ఊపిరి వచ్చింది.

1.5 లోపే ఉంది కదా అని సర్వీస్ వాళ్లు తేలిగ్గా అన్నారు. మా పాపకు అప్పుడు మూడేళ్లు. పాలపళ్ల కింద, చిగురు లోపల అసలు పళ్లు తయారయ్యే వయసు. అప్పుడు పడ్డ మచ్చ ఎంత తోమినా పోదు. మా ఊళ్లో రుచి కోసం ఆ స్క్రూ తిప్పే ముందు ఒక్క మాట అడగాలా వద్దా? ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు, నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె ఇస్తుంది. కాబట్టి ఏడాదికోసారి ల్యాబ్‌కు పంపుతున్నాను. ఇప్పుడు 0.3 వస్తోంది. స్క్రూ మీద టేపు వేశాను, సర్వీసుకు ఎవరొచ్చినా పక్కనే నిలబడతాను.

మెషీన్ మీద ఇంకో బాధ, బయటికి పోయే నీళ్లు. ఒక బిందె మంచినీళ్లకు సుమారు మూడు బిందెలు పోతాయి. గిన్నెలకూ బాత్రూమ్‌కూ వాడుతున్నాం కానీ, మల్లెచెట్టుకు పోస్తే ఆకులు అంచుల వెంట మాడాయి. ఎండాకాలం బోరు తగ్గినప్పుడు ఆ వృథా చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అయినా మా ఇంటికి మళ్లీ కొనాల్సి వస్తే ఆర్‌ఓనే కొంటాను, అడ్జస్టర్ లేనిది దొరికితే అదే. విజయవాడలో ఉండే మా చెల్లెలికి మాత్రం, ఇదే కొనుక్కోమని ఎప్పుడో చెప్పిన మాట వెనక్కి తీసుకున్నాను. వాళ్లకు కుళాయిలో కృష్ణ నీళ్లు వస్తాయి, మీటర్ పెట్టి చూస్తే 260. యూవీది తీసుకుంది. వాళ్లింట్లో పప్పు ఎప్పుడూ బాగానే ఉడుకుతుంది.