జాగ్రత్త: మీ పాత గాజు గిన్నెకు "జత" దొరికిందంటే నమ్మకండి

పాత గాజు సామాను కొనేవాళ్లకు ఈ వ్యాపారిని పరిచయం చేయనక్కర్లేదు. నల్ల మఖమలు గుడ్డ మీద పెట్టి ఫొటోలు తీసే ఆయనే, ప్రతి వస్తువు కిందా "హామీ నాది" అని రాసే ఆయనే. ఆ హామీ ఏపాటిదో ఈ రోజు తెలిసింది.

అమ్మమ్మ గిన్నె ఒకటి నాకు వచ్చింది. పసుపు కలిసిన ఆకుపచ్చ గాజు. అడుగున ముద్రా లేదు, పేరూ లేదు. ఏ కాలానిదో చెబుతారని ఆయనను అడిగాను. చీకట్లో యూవీ (అతినీలలోహిత) టార్చి వేసి ఫొటో తీయమన్నారు. గిన్నె మొత్తం పచ్చగా వెలిగింది. "యురేనియం గాజు, సందేహమే లేదు" అన్నారు. అంటే, కొద్దిగా యురేనియం కలిపి చేసిన గాజు. 1830ల నుంచే బొహీమియాలో ఇలాంటి గాజు చేశారని, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం యురేనియాన్ని తన చేతుల్లోకి తీసుకోవడంతో 1958 దాకా అక్కడి గాజు కార్ఖానాలకు అది అందలేదని ఓపిగ్గా పాఠం చెప్పారు. అన్నీ నిజాలే. అందుకే కదా నమ్మింది! కొన్నాళ్లకు "మీ గిన్నెకు జత దొరికింది" అంటూ చీకట్లో వెలుగుతున్న గిన్నె ఫొటో పంపారు. బేరం కూడా ఆడకుండా డబ్బు కట్టాను.

వచ్చినదాని మీద టార్చి వేస్తే ఊదా వెలుతురు గాజు మీద తళుక్కుమంది, అంతే. తిరగేసి చూస్తే అడుగున గీతలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి. గరుకు కాగితం పెట్టి రుద్దారు. నిజంగా వాడిన గిన్నెకైతే బల్లకు ఆనే అంచు మీదే, అడ్డదిడ్డంగా గీతలు పడతాయి.

అక్కడితో అయిపోతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయన పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. అంచు మీద చిన్న పెచ్చు లేచి ఉంది. దాని కిందే కోలగా సాగిన గాలి బుడగ. అది మా అమ్మమ్మ గిన్నె! నేను పంపిన ఫొటోనే కుడి ఎడమలు తారుమారు చేసి నాకే చూపించి అమ్మారు. చిన్నప్పటి నుంచి చూస్తున్న పెచ్చునే గుర్తుపట్టలేదు, నా కళ్లకో దండం.

ఫోను చేస్తే, ముందు టార్చిలో బ్యాటరీ మార్చుకోమని సలహా. ఫొటో సంగతి ఎత్తగానే గొంతు మారింది. "ఇంట్లో పాత గిన్నె ఒకటి ఉంటే చాలు, ప్రతివాళ్లూ నిపుణులే. అసలు మీదే నకిలీ అయ్యుంటుంది" అన్నారు. సందేహమే లేని యురేనియం గాజు, డబ్బు వెనక్కి అడిగేసరికి నకిలీ అయిపోయింది! అమ్మమ్మ వస్తువును అంత మాట అని ఫోను పెట్టేశారు. ఇప్పుడు నా సందేశాలు ఆయనకు వెళ్లడం లేదు.

కొనేముందు, మీరు చెప్పిన మాట ఏదైనా కాగితం మీద రాయించి, వస్తువు పక్కన పెట్టించి, టార్చి వేసి వీడియో తీయమనండి. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న మామూలు యూవీ టార్చికే యురేనియం గాజు బాగా వెలుగుతుంది. 365 నానోమీటర్ల టార్చి కిందే మసకగా పచ్చబడేది మాంగనీసు కలిపిన గాజు కావచ్చు, దాన్ని కూడా యురేనియం పేరుతో అంటగడుతుంటారు. ఎవరికైనా ఫొటోలు పంపితే వాటి మీద అడ్డంగా మీ పేరు రాసి పంపండి.

ఆయన దగ్గర "మరో జత" అమ్మకానికి ఉంది, అదే ఫొటోతో. ఎడమ అంచున పెచ్చు కనబడితే కొనకండి, ఆ గిన్నె మా ఇంట్లో ఉంది.