వర్క్‌ప్లేస్ ఆరేళ్ళు వాడాక: లైకులు సరే, సారు కింద కామెంట్లు చదివారా?

మాది భీమవరం దగ్గర రొయ్యల మేత, ప్రాసెసింగ్ రెండూ ఉన్న కంపెనీ అండి, పేరు వద్దులెండి. 2019లో ఆఫీసులో ఫేస్‌బుక్ వాళ్ళ వర్క్‌ప్లేస్ పెట్టారు, అంటే కంపెనీలో వాళ్ళు మాత్రమే పోస్టులు పెట్టుకునే యాప్. అచ్చం ఫేస్‌బుక్ లాగే ఉండేది కాబట్టి చెరువుల మీద తిరిగే టెక్నీషియన్ల దగ్గర్నుంచి గ్రేడింగ్‌లో పనిచేసే ఆడోళ్ళ దాకా ఎవరికీ నేర్పక్కర్లేకపోయింది, ఆ ఒక్క విషయంలో ఫుల్ మార్కులు.

మొదటి రెండేళ్ళు మాత్రం శుద్ధ దండగ. ఎండీ గారి పేరు మీద హెచ్‌ఆర్ వాళ్ళు ఇంగ్లీషులో రాసేవాళ్ళు, పోస్టు పడగానే మా మేనేజరు వాట్సాప్‌లో "అందరూ లైక్ కొట్టండి" అని మెసేజ్ పెట్టేవాడు, మేం చదవకుండానే కొట్టేసేవాళ్ళం. ఓసారి సంక్రాంతి ముందు "మనమంతా ఒకే కుటుంబం" అని పెడితే ప్యాకింగ్‌లో ఒకాయన "ఆయ్, అయితే కొత్తల్లుడికి పెట్టినట్టు మాకూ ఏవన్నా పెడతారాండీ" అని కామెంట్ రాశాడు. గోదారోళ్ళ వెటకారం అంతే కదా, నవ్వేసి ఓ మాట రాస్తే అయిపోయేది. గంటలో కామెంట్ తీసేశారు. ఆర్నెల్లు ఎవడూ నోరెత్తలేదు, అన్నీ దండాల బొమ్మలే.

తర్వాత కొత్త జీఎం గారు వచ్చారు, ఆయన ఎవరిచేతా రాయించుకోలేదు, ఫోన్లో తెలుగులోనే కొట్టేవారు, అచ్చు తప్పులతో సహా. మొదటి పోస్టు నాకింకా గుర్తుంది. ఆకివీడు అవతల ఓ చెరువు, తెల్లారుజామున టార్చి వెలుగులో తీసిన ఫోటో, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్ళెం) మేత వేసింది వేసినట్టే మిగిలిపోయి ఉంది. కింద ఒకటే లైను: "ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి, అయినా ఆక్సిజన్ పడిపోయింది, ఎక్కడ తప్పు చేశాం?"

మధ్యాహ్నం దాకా చప్పుడు లేదు. అప్పుడు మీటింగుల్లో ఎప్పుడూ వెనక కుర్చీలో కూర్చునే టెక్నీషియన్ ఒకబ్బాయి రాశాడు: మబ్బు పట్టిన రోజు ఆక్సిజన్ తగ్గుద్ది, మేత బాగా తగ్గించాలి సార్, రైతుకి ఆ మాట చెప్తే మన మేత అమ్మకం టార్గెట్ పడిపోద్ది, అందుకే మేం గట్టిగా చెప్పట్లేదు. మేత అమ్ముకునే కంపెనీలో ఆ మాట! వాడి ఉద్యోగం పోయిందనే అనుకున్నాం. సాయంత్రానికి జీఎం గారి జవాబు, "నిజమే, టార్గెట్ వేసింది నేనే. మబ్బు, వర్షం రోజుల్ని లెక్కలోంచి తీసేస్తున్నాం." రెండు వారాలకి, అలా తీసేసినట్టు ఇచ్చిన సర్క్యులర్ ఫోటో కూడా అదే పోస్టు కింద పెట్టారు. ఆ రోజు నుంచి ఎవరూ లైక్ కొట్టమని అడగక్కర్లేకపోయింది, లైకులు తక్కువే పడేవి గానీ కామెంట్లు మాత్రం ఒకటే గోల.

ఇక అసలు గొడవ. ఫేస్‌బుక్ కంపెనీ మెటా వాళ్ళు వర్క్‌ప్లేస్ మూసేస్తున్నామని 2024 మేలోనే చెప్పారు, 2025 ఆగస్టు 31 దాకానే మామూలుగా వాడుకోవాలి, ఆ తర్వాత పాతవి చదువుకోడానికే. సరిగ్గా ఆ ఆగస్టు 27నే మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కింది. గేటు దగ్గర టీ బండి కాడ అందరిదీ ఒకటే మాట, షిఫ్టు తీసేస్తారంట. జీఎం గారు పాత యాప్‌లో ఆఖరిగా పెట్టిన పోస్టు: "రెండో షిఫ్టు ఇంకో రెండు వారాలు ఉంటుంది. తర్వాత సంగతి నాకూ తెలీదు. సెప్టెంబరు 10న చెప్తాను."

10న, వర్క్‌ప్లేస్ బదులు పెట్టిన కొత్త యాప్‌లో చెప్పారు కూడా, కానీ అందులోకి సగం మంది ఇంకా లాగిన్నే అవ్వలేదు. దాంతో పోస్టు ప్రింటు తీయించి క్యాంటీన్ గోడకి అంటించి, అన్నాల టైమ్ అంతా దాని పక్కనే నిలబడి అడిగినోళ్ళకల్లా చెప్పారు. మనోళ్ళేమో ఆ కాగితానికి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నారు.

వర్క్‌ప్లేస్‌కి అయిదుకి మూడున్నర ఇస్తా.