జబ్బుపడ్డ పిల్లికూనకు వైద్యం తర్వాత: ఆసుపత్రా, ఇల్లా? సిరంజా, ట్యూబా? ఏది మేలు?

ఇంటికి కొత్తగా వచ్చిన పిల్లికూన వారం తిరక్కుండానే జబ్బుపడుతుంది. డాక్టరు సెలైన్ ఎక్కించి, ఇంజెక్షన్లు చేసి, "ఇక్కడే ఉంచుతారా, తీసుకెళ్తారా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు చాలామందికి నోట మాట రాదు. తీసుకెళ్తే రాత్రికి ఏమవుతుందోనని భయం, వదిలేస్తే కొత్తచోట బెదిరిపోతుందేమోనని బెంగ. ఇంటికి తెచ్చాక కూడా ప్రశ్నలు ఆగవు. తినకపోతే బలవంతంగా పెట్టాలా, ఆగాలా? వెచ్చదనం దేనితో ఇవ్వాలి? ఇంట్లో ఉన్న మరో పిల్లిని దగ్గరికి రానివ్వొచ్చా?

వీటన్నిటికీ నేను ఒకటే కొలత పెట్టుకుంటాను. కూన ఒంట్లో నిల్వలు దాదాపు ఉండవు. పెద్ద పిల్లికి కొవ్వుంటుంది, కండ ఉంటుంది, కాలేయంలో దాచుకున్న చక్కెర ఉంటుంది. అరకిలో కూడా తూగని కూనకు అవి కొన్ని గంటలకే అయిపోతాయి. తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఒళ్లు చల్లబడితే పేగుల కదలిక మందగిస్తుంది, అప్పుడు కడుపులో పడింది కూడా అరగదు. అందుకే ఏ పద్ధతి కూన శక్తిని తక్కువ ఖర్చు చేయిస్తుందో అదే మేలు. మన మనసుకు ఏది ఊరటనిస్తుందో అది కాదు.

ఆసుపత్రిలో ఉంచడమా, ఇంటికి తేవడమా?

ఆసుపత్రి చేయగలిగి ఇల్లు చేయలేనివి కొన్నున్నాయి. నరానికి నిరంతరాయంగా సెలైన్, ఆక్సిజన్, గంటగంటకూ చక్కెర పరీక్ష, వాంతిని ఆపే ఇంజెక్షన్. కూన నీళ్లు కూడా నిలుపుకోలేక వాంతి చేసుకుంటున్నా, రక్తవిరేచనాలు అవుతున్నా, లేచి నిలబడలేకపోతున్నా, ఒంటి వేడిని తనంతట తాను నిలుపుకోలేకపోతున్నా ఆసుపత్రే మేలు. ఇందులో నాకు రెండో మాట లేదు. ముఖ్యంగా పాన్‌ల్యుకోపీనియా అనే జబ్బులో, అంటే పిల్లులకు వచ్చే పార్వో వైరస్ జబ్బులో, తెల్లరక్తకణాలు పడిపోతాయి, పేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఇంట్లో చెంచాతో పోసే నీళ్లు దానికి ఏ మూలకూ చాలవు.

కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "రాత్రి ఇక్కడ మనిషి ఉంటారా?" చాలా క్లినిక్‌లలో రాత్రిపూట ఎవరూ ఉండరు. తాళం వేసిన గదిలో, బోనులో ఒంటరిగా పడుకున్న కూనకు సెలైన్ గొట్టం మెలిపడినా చూసేవారుండరు. అలాంటిచోట పగలంతా ఉంచి సాయంత్రం ఇంటికి తెచ్చుకోవడం, లేదంటే రాత్రి సిబ్బంది ఉన్న ఆసుపత్రికి మార్చడం మంచిది. ఈ మధ్యేమార్గాన్ని డాక్టర్లు తమంతట తాము చెప్పకపోవచ్చు. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

కూన మింగగలుగుతోంది, వాంతులు ఆగాయి, ఒళ్లు వెచ్చగా ఉంటోంది, పిలిస్తే తల తిప్పుతోంది అంటే ఇల్లే మేలు. కుక్కల అరుపులు, పరాయి చేతులు, ఎడతెగని వెలుగు లేనిచోట పిల్లులు త్వరగా తిండి ముట్టుకుంటాయి. కావాలంటే ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించడం డాక్టరు నేర్పిస్తారు. ఎక్కించిన సెలైన్ భుజాల మధ్య ఉబ్బెత్తుగా మూట కట్టి, ఒక్కోసారి ముందుకాలి వైపు జారుతుంది. కంగారు పడనక్కర్లేదు, కొన్ని గంటల్లో ఒంట్లో కలిసిపోతుంది. ఒళ్లు చల్లబడి బాగా నీరసించిన కూనకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుపోయి ఉంటాయి, నీళ్లు ఎక్కించిన చోటే ఉండిపోతాయి.

వెచ్చదనం: వేడినీళ్ల సీసా, కరెంటు ప్యాడ్, ఒడి

కరెంటు ప్యాడ్ సుళువుగా కనిపిస్తుంది గానీ మనుషుల కోసం చేసిన ప్యాడ్ మీద కదలలేని కూనను పడుకోబెడితే చర్మం కాలుతుంది. కాలిన సంగతి రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. జంతువుల కోసం తయారైన, తక్కువ వేడి నిలకడగా ఇచ్చే ప్యాడ్ అయితే ఫరవాలేదు. వేడినీళ్ల సీసాను మందపాటి తువ్వాలులో చుట్టి పెట్టెలో సగం మేరకే ఉంచితే, కూనకు వేడెక్కువైతే రెండో సగంలోకి జరుగుతుంది. సీసాతో ఒక్కటే ఇబ్బంది: అది చల్లారాక కూన ఒంట్లోని వేడిని తిరిగి లాగేసుకుంటుంది. రాత్రి అలారం పెట్టుకుని మార్చగలిగితే సీసాకే నా ఓటు. ఒడిలో పెట్టుకోవడం కాసేపటికి బాగానే ఉంటుంది గానీ మన నిద్రలో అది నలిగిపోయే ప్రమాదం ఉంది.

చెవి ముట్టుకుని వేడి అంచనా వేయకండి, థర్మామీటరు వాడండి. నాలుగు వారాలు దాటిన కూనకు మలద్వారం దగ్గర చూస్తే 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మరీ పసికూనలకు మొదటి వారంలో 35 నుంచి 37 దాకా మామూలే. కాస్త పెరిగిన కూనకు 37 దిగువకు పడితే డాక్టరుకు ఫోన్ చేస్తూనే మెల్లగా వెచ్చబెట్టాలి. చల్లబడ్డ కూన నోట్లో పాలు పోయకూడదు. ముందు వెచ్చదనం, తర్వాతే తిండి. ఈ వరస తప్పితే పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి కూడా పోవచ్చు.

తినకపోతే: ఆగడమా, సిరంజా, ట్యూబా?

అందరూ తడబడేది ఇక్కడే. కొందరు "ఆకలేస్తే అదే తింటుందిలే" అని వదిలేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లి విషయంలో ఒక పూటకు ఆ మాట చెల్లుతుందేమో గానీ జబ్బుపడ్డ కూన విషయంలో చెల్లదు. ముక్కు దిబ్బడేసిన పిల్లికి వాసన తెలియదు. వాసన తెలియని తిండిని పిల్లి తిండిగా చూడదు. కాబట్టి ఆగడం కాదు, ముందు తినాలనిపించేలా చేయాలి. తడిగుడ్డతో ముక్కు, కళ్లు తుడిచి, మెత్తటి తడి ఆహారాన్ని ఒంటి వేడికి తెచ్చి, వాసన బాగా వచ్చేది వేలికొసన పెట్టి చూపించండి. తినకపోతే పావుగంటలో పళ్లెం తీసేయండి. వికారంగా ఉన్న పిల్లి ముందు రోజంతా అదే తిండి ఉంచితే ఆ వాసనంటేనే విరక్తి పుడుతుంది, కోలుకున్నాక కూడా దాన్ని ముట్టదు.

సిరంజి రెండో మెట్టు. చేతిలో పని, డబ్బు ఖర్చు లేదు, మింగే కూనకు ప్రాణం నిలబెడుతుంది. కానీ సరిగా పట్టాలి. కూనను వెల్లకిలా తిప్పకూడదు, పసిపాపను ఎత్తుకున్నట్టు అసలే పట్టకూడదు. బోర్లా, నాలుగు కాళ్ల మీద, తల మామూలు ఎత్తులో ఉంచి, పెదవి పక్క నుంచి అర మిల్లీలీటరు పోయాలి. మింగిందని చూశాకే మళ్లీ పోయాలి. 100 గ్రాముల బరువుకు ఒక విడతకు 4 మిల్లీలీటర్లు మించకుంటే మేలు, కడుపు అంతే పడుతుంది. దగ్గినా, ముక్కులోంచి పాలు వచ్చినా వెంటనే ఆపేయాలి. వాంతులవుతున్న కూనకు సిరంజి వద్దు, ముందు వాంతికి మందు పడాలి.

ట్యూబ్ అనగానే మనుషులు బెదిరిపోతారు. చివరి దశలో చేసే పని అనుకుంటారు. నేను అలా అనుకోను. రోజుకు ఆరుసార్లు పెనుగులాడుతూ, సగం మెడ మీద కార్చుకుంటూ, మనిషి చెయ్యి చూస్తేనే నక్కే స్థితికి వచ్చిన కూనకు ట్యూబే దయ. ముక్కులోంచి వేసే సన్నటి ట్యూబ్‌కు పూర్తి మత్తు అక్కర్లేదు, అయితే అందులో పలచటి ద్రవమే పోతుంది, కొద్దిరోజులకే పనికొస్తుంది. మెడ పక్క నుంచి అన్నవాహికలోకి వేసే ట్యూబ్‌కు కాసేపు మత్తివ్వాలి. అది వేశాక చిక్కటి ఆహారం, చేదు మందులు రెండూ కూన నిద్రపోతుండగానే వెళ్లిపోతాయి. మత్తు తట్టుకోగల స్థితిలో ఉన్నప్పుడే దీని గురించి డాక్టరుతో మాట్లాడండి. మరీ నీరసించాక మాట్లాడితే ఆ దారి మూసుకుపోతుంది.

కూన పక్కకు వాలిపోయి, మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకండి. చక్కెర పాకమో తేనో చిగుళ్లకు కొంచెం రాసి ఆసుపత్రికి బయల్దేరండి.

ఏం పెట్టాలన్నదానికి జవాబు చిన్నదే. నాలుగు వారాల లోపు కూనకు పిల్లికూనల పాలపొడి, ఆ పైన డాక్టరిచ్చే రికవరీ ఆహారం, అంటే కోలుకుంటున్న పిల్లుల కోసం చేసిన మెత్తటి ఆహారం. ఆవుపాలు వద్దు. తల్లిపిల్లి పాలతో పోలిస్తే వాటిలో మాంసకృత్తులు, కొవ్వు తక్కువ. పైగా లాక్టోజ్ వల్ల విరేచనాలు పట్టుకుంటే ఉన్న నీరంతా పోతుంది. మనుషుల పసిపిల్లల కోసం సీసాల్లో అమ్మే మెత్తటి ఆహారం వాడేట్టయితే అందులో ఉల్లి, వెల్లుల్లి లేవని చూసుకోండి. రెండూ పిల్లి రక్తకణాలను పగలగొడతాయి.

మందులు: మాత్రా, సిరపా?

కూన బరువుకు తగినట్టు కొలిచి ఇవ్వడానికి సిరపే సుళువు. చేదు తగిలి నోటి నుంచి నురగ కారితే విషం అనుకోకండి, పిల్లులు అంతే. మాత్ర తప్పనిసరైతే వెనకే కొన్ని మిల్లీలీటర్ల నీళ్లు పట్టండి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర గొంతులో నిలిచిపోతే అన్నవాహిక పుండుపడి సన్నబడిపోతుంది. జ్వరమొచ్చిందని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్రం ముక్క కూడా వేయకండి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. కొద్దిపాటి మోతాదే ప్రాణం తీస్తుంది.

కళ్లతో చూడడమా, తూకం వేయడమా?

తూకమే. కూన ఆడుకుంటోంది కదా అనుకుంటూ ఉండగానే బరువు కరిగిపోతుంది. గ్రాముల లెక్క చూపే వంటింటి కాటా ఒకటి చాలు, రోజూ ఒకే వేళకు వేసి రాసిపెట్టండి. ఆరోగ్యంగా పెరిగే కూన రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరుగుతుంది. కోలుకుంటున్న కూన బరువు నిలబెట్టుకున్నా సంతోషించండి. వరసగా రెండు రోజులు తగ్గితే మూడోరోజు దాకా ఆగకండి. నిద్రలో ఊపిరి కూడా లెక్కపెట్టండి. పెద్ద పిల్లికి నిమిషానికి 15 నుంచి 30 మామూలు, కూనకు కాస్త ఎక్కువ ఉండొచ్చు. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్లు తెల్లబడినా, నీలం తిరిగినా అప్పుడే బయల్దేరాలి.

ఒంటరి గదా, ఇంట్లో అందరి మధ్యా?

చిన్న గది, అందులో పెట్టె, గోడలు తక్కువగా ఉన్న ట్రే, రెండడుగుల దూరంలో నీళ్లు. తిండి కోసమో మలవిసర్జన కోసమో ఇల్లంతా నడవాల్సిన పని లేకపోతే ఆ శక్తి కోలుకోవడానికి మిగులుతుంది. ట్రేలో గడ్డకట్టే ఇసుక బదులు కాగితం ముక్కలు వేయండి, కూనలు ఇసుక నాకేస్తాయి. ఒంటరిగా ఉంచితే దిగులు పడదా అంటే, రోజులో పలుమార్లు వెళ్లి పక్కన కూర్చోండి, పదేపదే ఎత్తుకోకండి.

ఇంట్లో మరో పిల్లి ఉంటే వేరుగా ఉంచడం తప్పనిసరి. పాన్‌ల్యుకోపీనియా వైరస్ గదిలో ఏడాది దాకా బతికి ఉండగలదు, ఆల్కహాల్ జెల్‌తో చావదు. నేలను ముందు కడిగి, మామూలు ఇంటి బ్లీచ్ ఒక వంతుకు 32 వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. బాగా కడిగి ఆరాకే కూనను మళ్లీ లోపలికి వదలాలి. కోలుకున్న కూన మలంలో ఆరు వారాల దాకా వైరస్ పోతూ ఉండొచ్చు గనుక, హుషారుగా గెంతుతోందని తొందరపడి కలపొద్దు. పెద్ద పిల్లికి టీకాలు పూర్తయ్యాయో లేదో ఈలోగా చూసుకోండి.

కొనసాగించడమా, ఆపడమా?

రాయడానికే కష్టంగా ఉన్న పోలిక ఇది. జబ్బు పేరు విని ఆశ వదులుకోకండి. పాన్‌ల్యుకోపీనియాలో మొదటి ఐదు రోజులు గట్టెక్కిన కూనలు ఎక్కువగా బతికి బట్టకడతాయి, ఆపైన జీవితాంతం రోగనిరోధక శక్తి ఉంటుంది. ఎఫ్‌ఐపీ, అంటే పిల్లుల కరోనా వైరస్ వల్ల వచ్చే జబ్బు, ఒకప్పుడు చావే. ఇప్పుడు జీఎస్-441524 మందును సాధారణంగా 84 రోజుల పాటు వాడితే ఎక్కువ పిల్లులు తేరుకుంటున్నాయి. నొప్పి మందులకు లొంగకుండా, ఊపిరి కోసం పెనుగులాడుతూ, చికిత్స ఏ పూటా ఫలితం చూపకుండా ఉంటే మాత్రం ఇంకో రోజు లాగడం మన కోసమే అవుతుంది, దాని కోసం కాదు. అప్పుడు నొప్పి లేకుండా సాగనంపడమే మేలని నా నమ్మకం. అర్ధరాత్రి కంగారులో ఆ నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. పగలు మామూలుగా చూపించడానికి వెళ్లినప్పుడే డాక్టరును అడిగి పెట్టుకోండి: ఏ లక్షణం కనిపిస్తే ఇక ఆపాలి, అప్పుడు ఎవరికి ఫోన్ చేయాలి, రాత్రయితే ఏ ఆసుపత్రికి వెళ్లాలి.