నేపాల్‌లో ‘అనాథ బాలల సేవ’ ప్యాకేజీకి డబ్బు కట్టబోతున్నవారికి హెచ్చరిక

ముప్పై ఒక్క సంవత్సరాలు ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పి రిటైరైన తర్వాత, ఓపిక ఉన్నన్నాళ్లు చిన్నపిల్లల మధ్యనే గడపాలన్న కోరికతో, కాఠ్మండు శివార్లలోని ఒక బాలల ఆశ్రమంలో మూడు వారాలు సేవ చేయడానికి ఒక ఏజెన్సీకి నిరుడు 64,000 రూపాయలు చెల్లించాను. విమాన ఖర్చులు వేరు. ఆ డబ్బు ఏమైందో తర్వాత చెబుతాను. దానితో నేను కొనుక్కున్నదేమిటో ముందు చెప్పాలి.

చేరే ముందు ఏజెన్సీవారు నన్ను అడిగినవి పాస్‌పోర్టు నకలు, ఒక ఫొటో మాత్రమే. పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ తెమ్మంటారా అని నేనే అడిగితే, “మీకెందుకు మేడమ్, టీచరుగారు కదా” అన్నారు. అప్పట్లో అది నాకు గౌరవంగానే తోచింది. పసిపిల్లలు నిద్రపోయే గదుల దాకా ఎవరినైనా ఇంతే సులువుగా పంపిస్తారు కాబోలునన్న ఆలోచన నాకు అక్కడికి వెళ్లాకగాని రాలేదు.

గేటు దాటగానే నాలుగైదేళ్ల పిల్లలు ఆరుగురు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకున్నారు. నేను అరుగు మీద కూర్చోగానే ఒక పాప ఏకంగా ఒళ్లోకి ఎక్కింది. నాతో వచ్చిన కుర్రవాళ్లు మురిసిపోయి ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. కొత్త మనిషి కనబడితే అమ్మ కొంగు చాటుకు వెళ్లడం ఆ వయసు పిల్లల స్వభావం. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం ఏ ఒకటో తరగతి గదిలోకి తొంగిచూసినా ఏడుపులే వినిపిస్తాయి. ముక్కూమొహం తెలియని మనిషి మెడకు అంత తొందరగా చేతులు వేస్తున్నదంటే, నెలకొకరు వచ్చి ముద్దుచేసి మాయమవడం ఆ బిడ్డకు అలవాటైపోయిందన్నమాట.

మరునాడు పాఠం మొదలుపెడదామని ఒక బాబు నోట్‌బుక్ తెరిచాను. ఇంగ్లీషు అక్షరాలు ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు ఉన్నాయి, ఆగిపోయాయి. రెండు పేజీల తర్వాత మళ్లీ ‘ఏ’ నుంచి మొదలు, ఈసారి ‘డీ’ వరకే. ప్రతిసారీ పైవరుసలో ఒరవడి పెట్టిన చేతిరాత వేరు. లెక్కపెడితే తొమ్మిది ఒరవళ్లు తేలాయి. వచ్చిన ప్రతి వాలంటీరూ తానే మొదటి టీచరునన్నట్టు ‘ఏ’ దిద్దించి, సెలవు పూర్తికాగానే విమానమెక్కారు. పదో ఒరవడి పెట్టింది నేను. నేను తీసుకెళ్లిన ముప్పై క్రేయాన్ పెట్టెలను ఆ సాయంత్రమే బీరువాలో పెట్టి తాళం వేశారు. శనివారం సెలవునాడు చందాలిచ్చే సందర్శకులు వచ్చినప్పుడు బయటికి తీశారు, వాళ్లు వెళ్లగానే మళ్లీ లోపల పెట్టేశారు.

ఇక ‘అనాథలు’ అన్న మాట. పదకొండేళ్ల అమ్మాయి ఒకతె తనకు వచ్చిన హిందీలో, హుమ్లా అనే మారుమూల కొండ జిల్లాలో ఉన్న వాళ్లమ్మకు ఒకసారి ఫోన్ చేయిస్తారా అని నన్ను అడిగింది. ఇంగ్లీషు బడిలో చేరుస్తానని ఒకాయన వాళ్ల నాన్న దగ్గర డబ్బు తీసుకుని తనను ఇక్కడ దింపాడట. ఇది కొత్త వ్యవహారమేమీ కాదని తిరిగి వచ్చి చదివాక తెలిసింది. 1996 నుంచి 2006 వరకు సాగిన అంతర్యుద్ధంలో, చదువు చెప్పిస్తామని, మావోయిస్టులు పిల్లలను ఎత్తుకుపోకుండా కాపాడతామని నమ్మించి, దళారులు ఇలాగే మారుమూల కొండ జిల్లాల నుంచి పిల్లలను నగరానికి చేర్చారు. నేపాల్‌లో ఇలాంటి గృహాలు ఎక్కువగా పర్యాటకులు తిరిగే కాఠ్మండు లోయ, పోఖరా, చిత్వన్ ప్రాంతాల్లోనే ఉన్నాయి. వాటిలోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. మనబోటివాళ్లం డబ్బు కట్టి వస్తున్నంతకాలం ఆ గదులు ఖాళీ కానివ్వరు. ఈ రకమైన తరలింపును ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వ చట్టం చేసిన సందర్భంలో బానిసత్వంలో ఒక రూపంగానే గుర్తించింది.

ఐదో రోజున నేను బయటికి వచ్చేశాను. తనకు ఏజెన్సీ నుంచి ముట్టేది మనిషికి వారానికి రెండు వేల నేపాలీ రూపాయలని, అంటే మన డబ్బులో 1,250 అని, వచ్చేముందు ఆశ్రమం మేనేజరే నాతో అన్నాడు. ఆ లెక్కన మూడు వారాలకు 3,750 రూపాయలు. మిగిలినదాంట్లో కొంతైనా వెనక్కి ఇమ్మని అడిగితే, ఏజెన్సీవారు, రసీదులో ‘విరాళం’ అని ఉంది కాబట్టి తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. నేను సరిగ్గా చదవకుండా సంతకం పెట్టిన మాట నిజమే. డబ్బు కూడా కంపెనీ ఖాతాకు కాకుండా ఒక వ్యక్తి యూపీఐ నంబరుకు పంపాను.

అందువల్ల, ఎవరైనా ఇలాంటి ప్రకటన చూసి వెళ్లదలచుకుంటే, ఆ గృహానికి నేపాల్ 2018 బాలల చట్టం కింద అనుమతి ఉన్నదీ లేనిదీ కాగితం చూపించమనండి. మీ పోలీసు సర్టిఫికెట్ అడగని చోటికి మాత్రం అసలు వెళ్లకండి. నా మటుకు నాకు, అన్ని కాగితాలూ సరిగా ఉన్నా, రెండు మూడు వారాల కోసం పసిపిల్లల ఆశ్రమానికి వెళ్లడం తగదనే ఇప్పుడు అనిపిస్తోంది. అక్కడ పిల్లలకు కీడు జరుగుతున్నట్టు కనబడితే 1098కి ఫోన్ చేయవచ్చు. మన దేశంలోనూ నేపాల్‌లోనూ బాలల సహాయవాణి నంబరు అదే.

ఇప్పటికే డబ్బు కట్టినవారు జీఎస్టీ బిల్లు అడగండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మీరు నివసించే ఊరి నుంచే రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షలు మించకపోతే ఫీజు లేదు. నా కేసు నడుస్తోంది. వాళ్ల వకీలు ‘విరాళం’ అన్న ఆ ఒక్క మాటనే పట్టుకుని వాదిస్తున్నాడు. అందుకు జవాబుగా మేము చూపిస్తున్నది, “ప్యాకేజీ ధర 64,000 మేడమ్” అని ఏజెన్సీ నుంచి వచ్చిన వాట్సాప్ సందేశం. మీ ఫోన్లలోని అలాంటి సందేశాలను చెరిపివేయకండి.