ఆవపొడి కలుపుకోవాలా, డిజాన్ సీసా తెరవాలా?

ఆవ ఘాటు కావాలంటే రెండు దారులున్నాయి. ఇంగ్లిష్ పద్ధతిలో ఆవపొడిని అప్పటికప్పుడు నీళ్లతో కలుపుకోవచ్చు. లేదా ఫ్రాన్స్‌లోని డిజాన్ ఊరి పేరుతో దొరికే మెత్తటి ముద్దను సీసాలోంచి తీసుకోవచ్చు.

నా ఓటు పొడికే. పొడిగా ఉన్నప్పుడు ఆవకు ఘాటు ఉండదు. చన్నీళ్లు తగిలాకే మైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. దానికి పది నిమిషాలు ఆగాలి. మొదటిసారి నేను మరిగే నీళ్లు పోశాను. వేడికి ఎంజైమ్ పాడైపోయి చేదు పిండే మిగిలింది. రెండోసారి చన్నీళ్లతో కలిపి నాలుకకు రాసుకుంటే నషాళానికి అంటింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ క్షణం ఇప్పటికీ గుర్తే. అయితే ఆ జోరు ఎక్కువసేపు ఉండదు, అందుకే కావలసినంతే కలపాలి.

డిజాన్ నెమ్మదైనది. 1856లో అక్కడ వెనిగర్ బదులు పచ్చి ద్రాక్షరసం వాడడం మొదలైంది. ఆ పులుపే ఘాటును నిలబెడుతుంది. సలాడ్‌లో నూనె, వెనిగర్ విడిపోకుండా పట్టి ఉంచడానికి ఇదే మేలు.

మాటల్లోనూ తేడా ఉంది. మంచి హుషారుగా ఉన్న మనిషిని ఇంగ్లిష్‌వాళ్లు ఆవతో పోలుస్తారు. కోపం వస్తే ఫ్రెంచివాళ్లు ‘ఆవ ముక్కుకెక్కింది’ అంటారు. మన ‘ఆవగింజంత’లో మాత్రం చిన్నదనమే ఉంది, ఘాటు లేదు. ఈ విషయంలో ఫ్రెంచివాళ్ల మాటే నాకు నచ్చింది.