నయీంనగర్ ఆదివారం క్లాసులు: హెచ్‌ఐవీ పాఠం కోసమైనా చేరండి

హనుమకొండలో నెట్, సెట్ పరీక్షలకు లైఫ్ సైన్సెస్ చెప్పే చోట్లు తక్కువ. నయీంనగర్‌లో ఒక మేడ మీద ఆదివారాలు నడిచే ఈ క్లాసులకు జనగామ, పరకాల, నర్సంపేట నుంచి కూడా వస్తున్నారు. మిగతా రోజుల్లో నేను ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను, అందుకే వైరాలజీ మీదే నా గురి. ఆ పాఠం నా ఆశకు మించి ఉంది.

టాట్ అనేది హెచ్‌ఐవీ తయారుచేసే ఒక ప్రోటీన్. గైడ్లన్నీ ‘టాట్, వైరస్ జన్యువులను ఉత్తేజపరుస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. సార్ పూటంతా ఆ ముక్క మీదే నిలిచారు. మన టీ కణం (రోగనిరోధక పని చేసే తెల్ల రక్తకణం) క్రోమోజోములో కలిసిపోయిన వైరస్ డీఎన్ఏను చదివి ఆర్‌ఎన్ఏ రాసేది ఆర్‌ఎన్ఏ పాలిమరేజ్ 2 అనే మన ఎంజైమే. అది మొదలుపెట్టి కాస్త దూరం పోగానే నెల్ఫ్, డీసిఫ్ అనే మన ప్రోటీన్లే దాన్ని ఆపేస్తాయి. అప్పటికే బయటపడిన ఆర్‌ఎన్ఏ కొస జడపిన్నులా మడతపడి ఉంటుంది. దాని పేరు టార్. సార్ దాన్ని ఎర్ర సుద్దతో గీసి, టాట్ పట్టుకునేది ఈ ఆర్‌ఎన్ఏనే, డీఎన్ఏను కాదు అని కింద గట్టిగా గీత కొట్టారు. సైక్లిన్ టీ1, సీడీకే9 అనే మన ప్రోటీన్ల జంటలో చాలా భాగం మామూలుగా 7ఎస్‌కే ఆర్‌ఎన్ఏ, హెక్సిమ్1 ప్రోటీన్ అదుపులో ఉంటుంది. ఆ జంటను టాట్ లాక్కొచ్చి అక్కడ కూర్చోబెడుతుంది. సీడీకే9 ఫాస్ఫేట్లు తగిలించగానే నెల్ఫ్ ఊడిపోతుంది, పాలిమరేజ్ చివరిదాకా సాగుతుంది.

మరి ఎలుక కణాల్లో టాట్ ఎందుకు సరిగా పనిచేయదని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. 1998లో సైక్లిన్ టీ1 బయటపడ్డాకే దానికి జవాబు దొరికిందట. మన సైక్లిన్ టీ1లో 261వ స్థానంలో సిస్టీన్ ఉంటే, ఎలుకలో టైరోసిన్ ఉంటుంది. ఒక్క అమైనో ఆమ్లం తేడాతో టార్ మీద పట్టు చిక్కదు! ఆ జవాబుకే ఫీజు గిట్టుబాటైందనిపించింది.

ల్యాబ్‌లో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే) రిపోర్టు చేతికిస్తే ‘వైరస్ కనబడలేదు కదా, ఇక మందులు ఆపేయొచ్చా అమ్మా’ అని అడిగేవాళ్లున్నారు. డాక్టర్ గారిని అడగకుండా ఆపకండి అని మాత్రమే చెప్పేదాన్ని. ఎందుకో ఈ పాఠంలోనే తెలిసింది. విశ్రాంతిలో ఉన్న టీ కణంలో సైక్లిన్ టీ1 తక్కువ, జన్యువులను మేల్కొలిపే ఎన్ఎఫ్ కప్పా బీ ప్రోటీన్ కేంద్రకం బయటే ఉంటుంది. టాట్ తయారు కాదు, వైరస్ జన్యువులు నోరు మెదపవు. అలా దాగినదాన్ని ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచే చికిత్స) మందులు తీసేయలేవు, కణం మేల్కొంటే వైరస్ మళ్లీ పుడుతుంది. ఇప్పుడు అడిగినవాళ్లకు ‘మందులు వైరస్‌ను అణచి ఉంచుతాయి, కొన్ని కణాల్లో అది నిద్రలోనే ఉంటుంది’ అని నిమ్మళంగా విడమరచి చెబుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. హెచ్‌ఐవీదే ఇంకో ప్రోటీన్ అయిన రెవ్‌ను హడావిడిగా ముగించారు. మొదట టాట్, రెవ్, నెఫ్ అనే వైరస్ ప్రోటీన్లకు చెందిన 2 కిలోబేస్‌ల (రెండు వేల అక్షరాల) పొట్టి ఆర్‌ఎన్ఏ సందేశాలే కేంద్రకం దాటుతాయి. కత్తిరింపు జరగని 9 కిలోబేస్‌ల ఆర్‌ఎన్ఏను రెవ్, సరుకును కేంద్రకం బయటికి చేర్చే మన క్రమ్1 ప్రోటీన్ సాయంతో దాటిస్తుంది. ఇంత ముఖ్యమైన మలుపుకు బొమ్మ కూడా వేయలేదు. వారాంతపు పరీక్షలో అడిగినవన్నీ ప్రోటీన్ల పేర్లే. నోట్సు జిరాక్సులో ఎర్ర గీతలు కనిపించవు, రంగు పెన్నులు వెంట తీసుకెళ్లండి. చేరేటప్పుడే రెవ్‌కు ఇంకో పూట కేటాయించమని సార్‌ను అడగండి. నలుగురు అడిగితే కాదనరు.