నాలుగేళ్ల వాడకం తర్వాత యమహా మోడెక్స్6: ఇంట్లో, స్టేజీ మీద

పల్లవి చివర స్ట్రింగ్స్ పట్టుకుని ఉంటాం. ఆ వెంటనే ఫ్లూట్ బిట్ అందుకోవాలి, మధ్యలో ఒక్క మాత్ర కూడా ఖాళీ ఉండదు. చాలా కీబోర్డుల్లో టోన్ మార్చే బటన్ నొక్కగానే మోగుతున్న స్ట్రింగ్స్ కత్తిరించినట్టు ఆగిపోతాయి, లేదా రివర్బ్ (గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) తోక టక్కున తెగుతుంది. మోడెక్స్6లో అలా జరగదు. చేతిలో ఉన్న కార్డ్ వదలకుండానే తర్వాతి టోన్‌కి వెళ్లొచ్చు, పాతది దాని పాటికి అది చల్లారుతుంది. నాలుగేళ్లుగా ఈ కీబోర్డును మార్చాలనిపించకపోవడానికి మొదటి కారణం ఇదే.

దీనికి ఒక షరతు ఉంది. పర్ఫార్మెన్స్‌లో, అంటే కలిపి దాచుకున్న టోన్ల కట్టలో, నాలుగు పార్టులు (ఒక్కో టోన్ ఒక పార్టు), అంతకంటే తక్కువ ఉంటేనే ఈ సౌకర్యం పనిచేస్తుంది. కీబోర్డు మీద ఒకేసారి ఎనిమిది పార్టుల వరకు మోగించుకోవచ్చు కాబట్టి కొత్తలో అందరూ పియానో, స్ట్రింగ్స్, ప్యాడ్, బెల్, కోరస్ అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చేస్తారు. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అది అద్భుతంగా ఉంటుంది. స్టేజీ మీద టోన్ మార్చినప్పుడు మాత్రం తెగుతుంది, పైగా ఆరు పార్టుల శబ్దం డ్రమ్స్, బేస్ మధ్య ముద్దగా వినిపిస్తుంది. నాలుగు దాటకండి.

మోడల్ గురించి క్లుప్తంగా. 2018లో వచ్చింది. 61 కీలు, 6.6 కిలోల బరువు, 7 అంగుళాల టచ్ స్క్రీన్. స్పీకర్లు ఉండవు, కాబట్టి ఇంట్లో వాయించాలంటే హెడ్‌ఫోనో పవర్డ్ మానిటరో (సొంత ఆంప్లిఫయర్ ఉన్న స్పీకర్) తప్పనిసరి, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఆఫ్టర్‌టచ్ (నొక్కిన కీని ఇంకా అదిమితే శబ్దం మారే సౌకర్యం) లేదు. 2022లో మోడెక్స్ ప్లస్, 2025లో మోడెక్స్ ఎమ్ వచ్చాయి కాబట్టి పాత మోడెక్స్6 ఇప్పుడు ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. శాంపిల్ టోన్లతో (అసలు వాద్యాల రికార్డింగులతో) పాటు ఎనిమిది ఆపరేటర్ల ఎఫ్ఎమ్ ఇంజిన్ కూడా ఇందులో ఉంది; ఆపరేటర్లనే తరంగాలు ఒకదాన్నొకటి మారుస్తూ శబ్దం పుట్టించే పద్ధతి ఇది. 1983 నాటి యమహా సింథసైజర్ డీఎక్స్7 వంశం అది. ఎనభైల పాటల్లో వినిపించే ఆ గాజు గలగల లాంటి ఎలక్ట్రిక్ పియానో కావాలంటే శాంపిల్స్ వైపు వెళ్లకండి. ఎఫ్ఎమ్‌లో గట్టిగా కొడితే గొంతు మారుతుంది, మెల్లగా కొడితే మెత్తబడుతుంది. శాంపిల్‌లో ఆ స్పందన అంతగా రాదు.

ప్రోగ్రామ్‌కి సిద్ధం కావడమంటే లైవ్ సెట్ కట్టుకోవడమే. ఒక పేజీలో 16 గడులు, ఒక్కో గడిలో ఒక పర్ఫార్మెన్స్. టోన్ల పేర్ల ప్రకారం కాకుండా పాటల వరుస ప్రకారం పెట్టుకోవాలి. పాటకు మూడు నాలుగు గడులు చాలు: ఇంట్రో, పల్లవి, ఇంటర్‌లూడ్, చరణం. ఒకే టోన్ రెండు పాటల్లో వస్తే రెండు గడుల్లోనూ పెట్టండి, వెనక్కి వెతుక్కుంటూ పోవద్దు. ఇక స్ప్లిట్. ఎడమ చేతికి బేస్ లేదా ప్యాడ్, కుడి చేతికి లీడ్ కావాలంటే పార్టుల నోట్ లిమిట్ (ఏ కీ నుంచి ఏ కీ వరకు మోగాలో ఆ హద్దు) మార్చాలి. యమహా లెక్కలో మధ్య సీని సీ3 అంటారు. బేస్‌ని బీ2 దగ్గర ఆపి, లీడ్‌ని సీ3 నుంచి మొదలుపెడితే 61 కీల మీద కుడి చేతికి మూడు ఆక్టేవులు మిగులుతాయి. ఎడమ వైపు రెండు ఆక్టేవులే కనుక బేస్ పార్టును ఒక ఆక్టేవ్ కిందికి దించుకోవాలి.

ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతినేది: స్టోర్ చేయకపోవడం. పర్ఫార్మెన్స్‌లో ఏదైనా మార్చి, స్టోర్ నొక్కకుండా మరో గడికి వెళితే ఆ మార్పు పోతుంది. సూపర్ నాబ్ (ఒకేసారి చాలా సెట్టింగులు మార్చే పెద్ద తిప్పుడు మీట) ఎక్కడ ఉండగా స్టోర్ చేశామో అది కూడా గుర్తుంటుంది. పియానో కింద స్ట్రింగ్స్ మెల్లగా పైకి రావాలని నాబ్‌కి అప్పగించి, నాబ్ సగంలో ఉండగా స్టోర్ చేస్తే, స్టేజీ మీద ఆ గడి నొక్కగానే స్ట్రింగ్స్ సగం వాల్యూమ్‌తో వచ్చి కూర్చుంటాయి. స్టోర్ చేసే ముందు నాబ్‌ని పూర్తిగా ఎడమకు తిప్పండి. అన్నీ అయ్యాక యుటిలిటీ, కంటెంట్స్‌లోకి వెళ్లి మొత్తం బ్యాకప్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. రెండు పెన్‌డ్రైవ్‌లు, రెండు వేర్వేరు సంచుల్లో.

వాల్యూమ్ సమం చేసుకోవడానికి ఒక పూట కేటాయించండి. హెడ్‌ఫోన్స్‌లో చేయొద్దు. అందులో ప్యాడ్‌లు, తక్కువ స్థాయి శబ్దాలు అసలు కంటే పెద్దగా తోస్తాయి. మామూలు పవర్డ్ స్పీకర్‌కి కలిపి, పియానోని కొలబద్దగా పెట్టుకుని ఒక్కో గడీ నొక్కుతూ పోవాలి. ఫ్లూట్, నాదస్వరం, బ్రాస్ లీడ్ లాంటివి పియానో కంటే కాస్త పైన ఉండాలి, ప్యాడ్‌లు బాగా కింద ఉండాలి. పియానో పార్టు 100 దగ్గర ఉంటే దాని కింద స్ట్రింగ్స్ 60 దాటనక్కర్లేదు. సౌండ్ మిక్సర్ దగ్గరున్న మనిషి పాట మధ్యలో మన ఫేడర్ కిందికి లాగుతున్నాడంటే, తప్పు దాదాపు ఎప్పుడూ ఈ సమం చేయని గడులదే.

ఇంకో సంగతి మోనో. మన ఫంక్షన్ హాళ్లలో, పందిళ్లలో, చర్చిల్లో సౌండ్ చాలా వరకు మోనోయే, అంటే ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే శబ్దం. ఎడమ జాక్ ఒక్కటే పెట్టి వాయిస్తాం. ఇంట్లో విశాలంగా వినిపించిన స్టీరియో పియానో అక్కడ బోలుగా, డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఎడమ, కుడి మైకుల్లో రికార్డయిన తరంగాలు ఒకదాన్నొకటి కొంత చెరుపుకోవడమే కారణం. కోరస్ ఎఫెక్ట్ ఎక్కువున్న టోన్లకూ ఇదే గతి. ఇంట్లోనే ఎడమ జాక్ మాత్రమే పెట్టి అన్నీ విని, సన్నబడిన వాటిని మార్చేయండి. కోరస్ తగ్గిస్తే సగం సమస్య అక్కడే తీరుతుంది.

మన సంగీతానికి బెండర్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే చక్రం) అలవాటు చేసుకోకపోతే ఈ కీబోర్డే కాదు, ఏ కీబోర్డూ పలకదు. తోడి రాగం తీసుకోండి. సీని షడ్జమంగా పెట్టుకుంటే శుద్ధ రిషభం సీ షార్ప్, సాధారణ గాంధారం ఈ ఫ్లాట్, శుద్ధ మధ్యమం ఎఫ్. ఆ గాంధారాన్ని తిన్నగా నొక్కితే తోడి వినపడదు, ఊగాలి. బెండ్ రేంజ్ పైకి 2, కిందికి 2 స్వరస్థానాలు పెట్టుకుంటే గాంధారం కీ మీద వేలు ఉంచి చక్రం పైకి పూర్తిగా తోస్తే సరిగ్గా మధ్యమం, కిందికి పూర్తిగా లాగితే సరిగ్గా రిషభం. అటూ ఇటూ ఎంత ఊపాలో చెవికి తెలియాలి, కానీ హద్దులు మాత్రం చేతికి దొరుకుతాయి. దీంతో పాటు ఆ పార్టుని మోనోలో (ఇక్కడ ఒకసారి ఒకే స్వరం మోగే పద్ధతి) పెట్టి, పోర్టమెంటో (స్వరం నుంచి స్వరానికి జారడం) కొద్దిగా ఇవ్వండి. పాలీలో (ఒకేసారి చాలా స్వరాలు మోగే పద్ధతిలో) ఉంటే రెండు స్వరాలు ఒకదానిమీద ఒకటి పడి జారు రాదు. శంకరాభరణం, మోహనం లాంటి వాటిలో లైట్ మ్యూజిక్ వాయించడానికి ఇంత కష్టం ఉండదు.

శ్రుతి మార్చడానికి ట్రాన్స్‌పోజ్ వాడేవారికి ఒక మాట. గాయని ఐదున్నర శ్రుతి అంటే జీ షార్ప్, గాయకుడు ఒకటిన్నర అంటే సీ షార్ప్. పాటకో ట్రాన్స్‌పోజ్ పెట్టుకుంటూ పోతే, ఒక పాట తర్వాత సున్నాకి తేవడం మరిచామంటే తర్వాతి పాట మొదటి కార్డే అపశ్రుతి. పార్టు నోట్ షిఫ్ట్‌ని (ఆ పార్టు ఒక్కదాని శ్రుతి మార్పుని) ఆ పాట గడిలోనే స్టోర్ చేస్తే ఈ బెంగ ఉండదు. ఊళ్లో హార్మోనియం 440కి (ఏ స్వరం 440 హెర్ట్జ్‌గా ఉండే ప్రామాణిక శ్రుతికి) సరిగ్గా లేకపోతే యుటిలిటీలో ట్యూన్ మార్చుకోవచ్చు, కార్యక్రమం అయ్యాక తిరిగి 440కి తేవడం మరవకండి.

కరెంటు విషయం తేలిగ్గా తీసుకోవద్దు. లోపల బ్యాటరీ లేదు, బయటి అడాప్టర్ మీదే నడుస్తుంది. హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ రెండు క్షణాల్లో కీబోర్డు ఆగిపోతుంది. మళ్లీ పూర్తిగా లేచి వాయించడానికి సిద్ధమయ్యేసరికి పాట ఎక్కడికో వెళ్లిపోతుంది. కంప్యూటర్లకు వాడే చిన్న 600 వీఏ యూపీఎస్ ఒకటి కాళ్ల దగ్గర ఉంటే చాలు, కీబోర్డు లాగే కరెంటు చాలా తక్కువ. అడాప్టర్ 16 వోల్టులది. వేరే కీబోర్డుల 12 వోల్టుల అడాప్టర్ పిన్ను సరిపోతుందేమో అని ప్రయత్నించొద్దు. అడాప్టర్ వైరుని స్టాండ్ కాలికి ఒక చుట్టు చుట్టి కట్టండి, ఎవరి కాలైనా తగిలితే లాగుడు జాక్ మీద పడదు.

ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీతో కలిపినప్పుడు గుయ్‌మని హమ్ వస్తే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. హమ్ ఆగిపోతే రెండు ఎర్త్‌ల మధ్య లూప్ ఏర్పడిందని అర్థం. కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య, గ్రౌండ్ లిఫ్ట్ (ఎర్త్ కలయికను విడదీసే) మీట ఉన్న డీఐ బాక్స్ పెడితే చార్జర్ ఉంచుకునే వాయించొచ్చు. చార్జర్ ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం పరిష్కారం కాదు, ప్రమాదం.

సస్టెయిన్ పెడల్ ఏదో ఒకటి కొంటే కొన్నిసార్లు తిరగబడి పనిచేస్తుంది: కాలు తీస్తే మోగుతూ ఉంటుంది, తొక్కితే ఆగుతుంది. యమహా పెడల్ లోపలి స్విచ్ తొక్కనప్పుడు కలిసి ఉంటుంది, కొన్ని ఇతర కంపెనీలవి దానికి విరుద్ధం. కింద పొలారిటీ మీట (ఈ తీరును తిప్పే స్విచ్) ఉన్న పెడల్ కొంటే ఏ కీబోర్డుకైనా సరిపోతుంది.

మూడో ఏడాది తర్వాత ఏ రబ్బరు కాంటాక్టుల కీబోర్డులోనైనా రాగల జబ్బు: ఒక్క కీ మాత్రం మెల్లగా నొక్కినా గట్టిగా అరవడం, లేదా అసలు పలకకపోవడం. ప్రతి కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టే కీబోర్డు మన బలాన్ని కొలుస్తుంది. ఒకదాని మీద దుమ్ము పడితే లెక్క తప్పుతుంది. ముందు ఆ కీని ఇరవై ముప్పై సార్లు గట్టిగా కొట్టి చూడండి, తేలిక దుమ్మైతే వదిలిపోతుంది. లేకపోతే విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో రబ్బరు, బోర్డు రెండూ మెల్లగా తుడిచి, పావుగంట ఆరనివ్వాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేలు అస్సలు వాడొద్దు, అది జిగురై ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. వారంటీ ఉంటే విప్పకుండా సర్వీస్‌కి ఇవ్వండి. గుడి కార్యక్రమాల్లో విభూతి, కుంకుమ, అగరొత్తుల బూడిద స్లైడర్ల సందుల్లోకి పోతాయి, కాబట్టి వాయించని ప్రతి నిమిషం గుడ్డ కప్పి ఉంచడం మంచిది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో బ్యాగులో సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి మార్చండి.

ఎవరికి సరిపోదు? డోలక్, తబలా లూపులు ప్యాడ్‌ల మీద నొక్కి వాయించేవారికి రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 సులభం. పెన్‌డ్రైవ్‌లోని ఆడియోని ప్యాడ్‌తో మోగించొచ్చు, భారతీయ వాద్యాల టోన్లూ అందులోనే వస్తాయి. మోడెక్స్‌లో వాటి కోసం బయటి లైబ్రరీలను 1 జీబీ యూజర్ మెమరీలోకి ఎక్కించుకోవాలి. పియానో నేర్చుకునే పిల్లలకు 61 తేలిక కీలు వద్దు, సుత్తి కీలున్న మోడెక్స్8 గానీ మంచి డిజిటల్ పియానో గానీ తీసుకోండి. కాకపోతే మోడెక్స్8 13.8 కిలోలు, ఆటోలో ఒక్కరే వేసుకుని వెళ్లేది కాదు.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే హెడ్‌ఫోన్స్ వెంట తీసుకెళ్లి, పియానో టోన్‌లో 61 కీలూ ఒక్కొక్కటిగా, ముందు వీలైనంత మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కి వినండి. లోపలి కాంటాక్టుల సంగతి గట్టి దెబ్బల్లో బయటపడదు, మెల్లగా నొక్కినప్పుడే తెలుస్తుంది.